ఎండకు అడ్డుగా బెరడు

నీడనిచ్చే చెట్టుకు మాత్రం నీడ లేదు. రోహిణీ కార్తె ఎండైనా, వారం రోజుల ముసురైనా, నేల మీదుగా పాకుతూ వచ్చే కార్చిచ్చైనా నిలబడ్డ చోటే తట్టుకోవాలి. అందుకే చెట్టు తన ఒంటి చుట్టూ తానే ఒక గోడ కట్టుకుంది. ఆ గోడ పేరు బెరడు. కోట్ల సంవత్సరాలుగా ఎండ, నీరు, నిప్పు, పురుగు అన్నీ కలిసి దాన్ని పరీక్షిస్తూనే ఉన్నాయి.

ఆ గోడను మనం ఏం చేస్తున్నాం? దుంగ కొట్టగానే ఒలిచి పారేస్తున్నాం, లేదా బాయిలర్లో వేసి కాలుస్తున్నాం. మరోవైపు, నగరాలు కట్టిన కూలీల ఇళ్ల మీద ఎండను ఆపలేని రేకులు పరుస్తున్నాం. ఈ రెండు సంగతులను ఒకచోట పెట్టి ఆలోచించడం ఈ అధ్యాయం పని. బెరడు చెట్టు మీద ఏ పని చేసిందో ఇంటి మీదా అదే పని చేయగలదు. దానికి కావలసిన శాస్త్రం మన చేతిలోనే ఉంది.

చెట్టు కట్టుకున్న గోడ

నల్లమల అడవిలో నల్లమద్ది మాను దగ్గర నిలబడి చూడండి. మొసలి వీపులా పలకలు పలకలుగా, పలకల మధ్య లోతైన పగుళ్లతో బెరడు కనబడుతుంది. వేసవిలో గడ్డి అంటుకుని మంట మాను మొదలును నాకి వెళ్లిపోతుంది. పైపొర మాడి నల్లబడుతుంది గానీ చెట్టు బతికే ఉంటుంది, తొలకరికి చిగురిస్తుంది.

బెరడు కింద ఒక సన్నని సజీవమైన పొర ఉంటుంది. మాను ఏటేటా లావెక్కేది ఆ పొర వల్లే. దాని కణాలు దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర చచ్చిపోతాయి. కాబట్టి మంట దాటిపోయేదాకా వేడిని ఆ పొర వరకు చేరనివ్వకపోవడమే బెరడు పని. అడవి మంటలను పరిశోధించినవాళ్లు ఇందులో ఒక చక్కని సూత్రం గమనించారు: వేడి లోపలికి చేరడానికి పట్టే సమయం బెరడు మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెట్టింపైతే సమయం సుమారు నాలుగింతలవుతుంది. ఇంటి కప్పుకు కూడా ఇదే వర్తిస్తుంది కాబట్టి ఈ సూత్రాన్ని గుర్తుంచుకోవాలి.

బెరడులో రెండు భాగాలున్నాయి. లోపలిది సజీవం, ఆకుల్లో తయారైన ఆహారాన్ని వేళ్లకు చేరవేస్తుంది. మనం నార తీసేది ఇందులోంచే. తూర్పు కనుమల్లో అడ్డతీగ నారతో తాళ్లు పేని వాసాలను బిగించేవాళ్లు, కాబట్టి ఇల్లు కట్టడానికి బెరడు మనకు కొత్త కాదు. బయటి భాగం చచ్చిపోయిన బెండు కణాలది. ఆ కణాలు పుట్టి, గోడలకు సూబరిన్ అనే మైనం లాంటి పదార్థాన్ని పూసుకుని, ఖాళీ అయి చచ్చిపోతాయి. ఖాళీ అయిన గదుల్లో గాలి మిగులుతుంది. 1665లో రాబర్ట్ హుక్ తన సూక్ష్మదర్శిని కింద పెట్టిన బెండు ముక్కలో చూసింది ఆ ఖాళీ గదులనే. జీవశాస్త్రంలో కణం అనే భావన బెరడు ముక్క నుంచే మొదలైంది.

కదలని గాలి వేడిని బాగా ఆపుతుంది. తెలంగాణ గొర్లకాపరి గొంగడి చలికాలం వెచ్చగానూ, ఎండలో తల మీద వేసుకుంటే చల్లగానూ ఉండేది ఉన్ని పోగుల మధ్య చిక్కుకున్న గాలి వల్లే. బెరడులో ఆ గాలి లక్షల సూక్ష్మమైన గదుల్లో బందీగా ఉంటుంది. గది గోడలు నీటిని పీల్చవు. పైగా బెరడులోని టానిన్లు పురుగుకూ బూజుకూ రుచించవు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. ఒక మీటరు మందం, ఒక చదరపు మీటరు వైశాల్యం ఉన్న పదార్థానికి రెండు పక్కల మధ్య ఒక డిగ్రీ తేడా ఉంటే ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పే సంఖ్యను ఉష్ణవాహకత అంటారు. కదలని గాలికి అది 0.025. పోర్చుగల్ బెండుకు సుమారు 0.04. బెరడు ముక్కలతో చేసిన పలకలకు సాంద్రతను బట్టి 0.06 నుంచి 0.09. మామూలు కలపకు 0.12 నుంచి 0.15. ఇటుకకు 0.7 ప్రాంతం, కాంక్రీటుకు 1.5 ప్రాంతం, ఉక్కుకు 50 ప్రాంతం. అంటే వేడిని ఆపడంలో రెండున్నర సెంటీమీటర్ల బెరడు పలక పాతిక సెంటీమీటర్ల ఇటుక గోడకు దీటుగా నిలుస్తుంది.

ఊరు కట్టినవాళ్ల కప్పు

ఈ అంకెలు ఎవరికి అక్కరకొస్తాయో తెలియాలంటే ముంబై వెళ్లాలి.

18వ శతాబ్దం చివర, హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట సముద్రాన్ని ఆపాక బొంబాయి దీవుల మధ్య పల్లపు నేలలు పూడ్చే పని మొదలైంది. మట్టి మోయడానికి, రాయి కొట్టడానికి, సున్నం కలపడానికి నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి కూలీలు వచ్చారు. వాళ్లను కామాఠీలన్నారు. వాళ్లు స్థిరపడ్డ చోటే కామాఠీపుర. బయటి లోకానికి ఆ పేరు వేరే కారణంతో తెలుసు. ఆ గల్లీలకు పేరు తెచ్చింది మాత్రం మట్టి తట్టలెత్తిన మనుషులు. 1873లో జ్యోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో వ్యంకు బాళోజీ కాళేవార్, జాయా కరాడీ లింగు వంటి తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు.

తర్వాత బట్టల మిల్లులు వచ్చాయి. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల పద్మశాలీలు మగ్గం వదిలి మిల్లు సాంచా పట్టుకున్నారు. వర్లీ, ప్రభాదేవి, దాదర్, నాయగావ్ పరిసరాల చాళ్లలో, అంటే ఒంటిగది ఇళ్ల వరుసల్లో, సంసారాలు పెట్టారు. దాదర్ తూర్పున ఆంధ్ర మహాసభ, జింఖానా వెలిసి, ముంబై తెలుగువాళ్లకు సభలు, నాటకాలు జరుపుకునే చోటైంది. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ మొత్తం 207 చాళ్లు కట్టింది: వర్లీలో 121, దాదర్ పక్కనే నాయగావ్‌లో 42, డిలైల్ రోడ్డులో 32, శివ్‌డీలో 12. బీడీడీ చాళ్లంటే ఇవే. ఒక్కో ఖోలీ, అంటే గది, 160 చదరపు అడుగులు.

కామాఠీపురలో, మిల్లుల ప్రాంతమైన పాత గిరణ్‌గావ్‌లో ఇంకా పాత తరహా చాళ్లున్నాయి. టేకు స్తంభాలు, టేకు దూలాలు, వాటి మధ్య ఇటుక నింపిన గోడలు, పైన మంగుళూరు పెంకు. పెంకు పగిలిన చోట, వాసం పుచ్చిన చోట మరమ్మతులో రేకు వచ్చి చేరింది. అక్కడివాళ్లు దాన్ని పత్రా అంటారు. పత్రా తేలిక, చవక, వాన కురవనివ్వదు. ఎండను మాత్రం ఆపలేదు.

మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు పత్రా కింది పోట్‌మాళాలో, అంటే అటక మీద, చేయి పైకెత్తితే రేకుకు జానెడు దూరంలోనే అరచేతికి సెగ తగులుతుంది. రేకు వేడి 60 డిగ్రీలకు చేరుతుంది. అది గాలిని వేడెక్కించడమే కాదు, కింద కూర్చున్న మనిషి మీదికి నేరుగా ఉష్ణకిరణాలు విడుస్తుంది. ఫ్యాను ఆ వేడి గాలినే తిప్పుతుంది. ముంబై గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. ఆ ఖోలీలో పసిపిల్లకు ఉయ్యాల కట్టాలి, రాత్రి పాళీ చేసి వచ్చినవాడు పగలు నిద్రపోవాలి. నగరాన్ని కట్టినవాళ్ల వారసులకు కప్పు కింద ఇంత వేడి ఉండటం న్యాయం కాదు. ఇది శాస్త్రం పట్టించుకోవలసిన అన్యాయం.

లోకం బెరడును ఇంటికి తెచ్చుకున్న తీరు

బెరడును ఇంటికి వాడుకోవడం కొత్త ఊహేం కాదు. కశ్మీరులో పాత ఇళ్ల మట్టి కప్పుల కింద భూర్జపత్రం పొరలుగా పరిచేవారు. భూర్జపత్రమంటే హిమాలయాల్లో పెరిగే భూర్జవృక్షం బెరడే. పైన మట్టి, ఆ మట్టిలో వసంతానికి పూలు పూసేవి. మంచు కరిగిన నీరు బెరడు దాటి కిందికి దిగేది కాదు. నార్వేలోనూ పచ్చిక కప్పుల కింద అదే జాతి చెట్ల బెరడు పరిచేవారు. రెండుచోట్లా మట్టి బరువు కోసం, బెరడు నీటిని ఆపడం కోసం.

జపాన్‌లో హినోకి చెట్టు బెరడుతో దేవాలయాలకు కప్పు వేస్తారు. క్యోటోలోని కియోమిజు ఆలయం కప్పు అలాంటిదే. దీనికి చెట్టును కొట్టరు. 70 ఏళ్లు దాటిన చెట్టు నుంచి, లోపలి సజీవమైన పొరకు గాయం కాకుండా, బయటి బెరడు మాత్రమే ఒలుస్తారు. ఎనిమిది పదేళ్లకు అది మళ్లీ పెరుగుతుంది. ఈ కప్పు పని సహా జపాన్ దారు నిర్మాణ విద్యలను 2020లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

పోర్చుగల్ బెండు ఓక్ కథ మరీ విలువైనది. చెట్టుకు పాతికేళ్లు వచ్చాక మొదటిసారి బెరడు ఒలుస్తారు, ఆ తర్వాత తొమ్మిదేళ్లకోసారి. సీసా బిరడాలకు పనికొచ్చే నాణ్యత మూడో ఒలుపుకు గానీ రాదు. మిగిలిన బెండును ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు న్యూయార్క్‌లో 1890ల ఆరంభంలో అనుకోకుండా దొరికింది. జాన్ స్మిత్ అనే ఆయన నీటిలో తేలే రక్షణ కవచాలు తయారుచేసేవాడు. బెండు పొడి నిండిన ఒక లోహపు గొట్టం పొరపాటున నిప్పు సెగకు చిక్కుకుని రాత్రంతా అలాగే ఉండిపోయింది. తెల్లవారి చూస్తే పొడి కాస్తా ఉబ్బి, ముదురు గోధుమ రంగులో గట్టి ముద్దగా మారింది. జిగురేమీ కలపలేదు. వేడికి బెండులోని పదార్థాలే కరిగి, రేణువులను అతికించాయి. వేడి ఆవిరితో చేసే నల్ల బెండు పలకలు ఈనాటికీ ఆ సూత్రం మీదే తయారవుతున్నాయి. శీతల గిడ్డంగుల గోడలకు అవి ఎంతో కాలం పనికొచ్చాయి.

అమెరికాలోని కాలిఫోర్నియాలో పసిఫిక్ లంబర్ కంపెనీ రెడ్‌వుడ్ కలప కోసేది. ఆ చెట్ల బెరడు అడుగు మందం దాకా ఉండి, పీచు పీచుగా విడిపోతుంది. 1930లలో ఆ పీచును విడదీసి, శుభ్రం చేసి 'పాల్కో వుల్' అన్న పేరుతో గోడల మధ్య నింపడానికి అమ్మారు. తర్వాత చమురు నుంచి తీసిన నురుగులు, గాజు పీచు చవకగా వచ్చి ఇలాంటి వాటిని పక్కకు నెట్టేశాయి.

ఈ శతాబ్దంలో ఆ పనిని మళ్లీ చేతపట్టినవాళ్లలో ఆస్ట్రియా వాళ్లున్నారు. సాల్జ్‌బర్గ్ దగ్గర కూహ్ల్ ఊళ్లో ఉన్న అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయంలో గుంటర్ కైన్, మారియుస్ బార్బు తదితరులు లార్చ్ చెట్టు బెరడుతో పలకలు చేసి కొలిచారు. అందులో తేలిన రెండు విషయాలు మనకు ముఖ్యం. మొదటిది, రేణువులు పలక ఉపరితలానికి సమాంతరంగా పడుకుని ఉంటే వేడి తక్కువగా దాటుతుంది, నిటారుగా ఉంటే ఎక్కువగా దాటుతుంది. ముక్కలను పరిచే తీరులోనే సగం పనితనం ఉందన్నమాట. రెండవది, బెరడు పలకలో వేడి అల చాలా మెల్లగా నడుస్తుంది. థర్మోకోల్ వేడిని ఆపుతుంది గానీ దానికి బరువు లేదు, వేడిని దాచుకునే శక్తి తక్కువ. బెరడుకు బరువూ ఉంది, దాచుకునే శక్తీ ఉంది. మామూలు సాంద్రతల్లో లెక్క వేస్తే వేడి అల బెరడులో వ్యాపించే రేటు థర్మోకోల్‌లో కంటే ఎనిమిది తొమ్మిది రెట్లు తక్కువ. ఎండదేశానికి ఇది వరం. పలక తగినంత మందంగా ఉంటే మధ్యాహ్నపు వేడి కిందికి దిగేలోపు పొద్దు వాలుతుంది.

తంగేడు చెక్కలోని జిగురు

బెరడు ముక్కలను పలకగా నిలపాలంటే ఏదో ఒకటి అతికించాలి. బెరడులో ఆ జిగురు కూడా ఉంది.

తంగేడు చెక్కతో తోళ్లు ఊనడం మనకు తరతరాలుగా తెలుసు. దక్షిణాది నుంచి ఎగుమతైన ఈస్టిండియా తోళ్లకు లోకంలో పేరు తెచ్చింది ఆ చెక్కే. పచ్చితోలులోని మాంసకృత్తుల పోగులను టానిన్ ఒకదానికొకటి ముడివేస్తుంది. ఆ తర్వాత తోలు కుళ్లదు. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ, మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థను నడిపి, ఈ ముడుల రసాయనాన్ని ప్రపంచస్థాయి శాస్త్రంగా నిలబెట్టారు. ఊరి చివర తొట్లలో జరిగే పనిని తక్కువగా చూసే సమాజంలో, ఆ పనిలోనే శాస్త్రం ఉందని చూపించిన మనిషి ఆయన.

తోలులో మాంసకృత్తులను ముడివేసే టానిన్, హెక్సమిన్ వంటి గట్టిపరిచే పదార్థంతో కలిసి వేడి తగిలితే తనను తానే ముడివేసుకుని రెసిన్ అవుతుంది. దక్షిణాఫ్రికాలో నల్ల వాటిల్ బెరడు నుంచి తీసిన టానిన్‌తో కలప పలకల జిగురును 1970ల నుంచి కర్మాగారాల్లోనే వాడుతున్నారు. ఆ నల్ల వాటిల్ మన నీలగిరి కొండల మీద కూడా పెరుగుతోంది. ప్లైవుడ్ జిగురులో మామూలుగా వాడే ఫార్మాల్డిహైడ్‌ను 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా నిర్ధారించింది. పది మంది పడుకునే ఖోలీలో ఆ వాయువు విడిచే పలక పెట్టడం మేలు కాదు. టానిన్ జిగురుకు ఉన్న అసలు విలువ అక్కడే తెలుస్తుంది.

అగరుబత్తీ పుల్లకు పొడి అంటుకునేది కూడా బెరడు జిగురుతోనే. నరమామిడి బెరడు పొడిని జిగట్ అంటారు, తడి తగిలితే బంకగా మారుతుంది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పిన వజ్రలేపంలో సైతం ధన్వన వృక్షం బెరడు ఒక దినుసు. పచ్చి తుమికి కాయలు, పచ్చి వెలగ కాయలు, బూరుగు పూలు, వసతో కలిపి నీళ్లు ఎనిమిదో వంతు మిగిలేదాకా మరిగించి, గుగ్గిలం లాంటి బంకలు చేర్చి గుడి గోడలకు పూయమన్నాడు. బెరడు కషాయం కట్టడానికి బలమన్న ఎరుక మన దగ్గర అంత పాతది.

పలక తయారయ్యే తీరు

దుంగ నుంచి ఒలిచిన బెరడులో సగం బరువు నీరే. మొదట దాన్ని ఆరబెట్టాలి. తేమ పది శాతం కిందికి దిగాక సుత్తి మిల్లులో నలగ్గొట్టాలి. జల్లెడ పట్టి ఇసుక, మట్టి, మెత్తటి పొడి వేరుచేయాలి. పొడి మిగిలితే అది జిగురంతా తాగేస్తుంది. ఒక సెంటీమీటరు నుంచి మూడు సెంటీమీటర్ల చదునైన ముక్కలు పలకకు అనువు. వాటికి బరువులో పదో వంతు దాకా జిగురు పట్టించి, చట్రంలో పొరలుగా పరిచి, 180 డిగ్రీల వేడి దగ్గర నొక్కుతారు. గట్టిగా నొక్కితే బలం పెరుగుతుంది, గాలి తగ్గుతుంది, వేడి ఎక్కువ దాటుతుంది. మెల్లగా నొక్కితే వేడిని బాగా ఆపుతుంది గానీ అంచులు రాలుతాయి. ఘనమీటరుకు 300 కిలోల సాంద్రత కప్పు కింది పలకకు మంచి మధ్యేమార్గం.

ఒక పరిమితి ముందే తెలుసుకోవాలి. బెరడులో పొడవాటి పోగులు తక్కువ. అందువల్ల బెరడు పలక కలప పలకంత బరువు మోయలేదు, అరలకూ మంచాలకూ పనికిరాదు. చెట్టులోనూ మోసే పని మానుది, కాపాడే పని బెరడుది. ఇంట్లోనూ దూలం మొయ్యాలి, బెరడు కాపాడాలి.

సిమెంటుతో కలిపి ఇటుకలు చేయాలనుకునేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. బెరడులోని చక్కెరలు, టానిన్లు సిమెంటు గట్టిపడటాన్ని అడ్డుకుంటాయి. ముందే నీళ్లలో నానబెట్టి ఆ రసం తీసేయాలి. ఆ రసాన్ని పారబోయకుండా జిగురుకు వాడుకోవచ్చు.

ఒక ఖోలీ లెక్క

160 చదరపు అడుగులంటే దాదాపు 15 చదరపు మీటర్లు. పత్రా వేడి 60 డిగ్రీలు, లోపలి గాలి 35 డిగ్రీలు అనుకుందాం. తేడా 25. రేకు కింద ఏ అడ్డూ లేకపోతే చదరపు మీటరుకు ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 6 వాట్లు కిందికి దిగుతాయి. చదరపు మీటరుకు 150 వాట్లు, మొత్తం ఖోలీకి 2,250 వాట్లు.

ఇప్పుడు రేకు కింద 2.5 సెంటీమీటర్ల బెరడు పలక బిగిద్దాం, వాహకత 0.07 అనుకుందాం. చదరపు మీటరుకు దిగే వేడి 48 వాట్లకు తగ్గుతుంది. మొత్తం 720 వాట్లు, అంటే మూడో వంతు. పలక మందం 5 సెంటీమీటర్లు చేస్తే 28 వాట్లు, మొత్తం 425 ప్రాంతం, అంటే ఐదో వంతు కంటే కాస్త తక్కువ. మొదటి రెండున్నర సెంటీమీటర్లు చేసినంత మేలు రెండో రెండున్నర చేయవు.

బరువు కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2.5 సెంటీమీటర్ల పలక ఖోలీ మొత్తానికి 112 కిలోలు, 5 సెంటీమీటర్లదైతే 225 కిలోలు. నూరేళ్లు నిండిన టేకు వాసాల మీద ఆ తేడా చిన్నది కాదు. పాత చాళ్లకు పలచని పలకే సరైనది, అదీ దూలాలను ఇంజనీరు తట్టి చూశాకే. బెరడు ఎండు బరువులో దాదాపు సగం కార్బన్. ఆ 112 కిలోల పలకను బాయిలర్లో కాలిస్తే సుమారు 200 కిలోల కార్బన్ డయాక్సైడ్ అయి గాలిలో కలిసేది. కప్పు కింద ఉన్నన్నాళ్లూ అది అక్కడే ఉంటుంది.

సున్నం, తెల్లరంగు సంగతేమిటని అడగవచ్చు. అడగాలి. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం దేశంలోనే మొదటిగా చల్లని కప్పుల విధానం ప్రకటించింది. కప్పును తెల్లగా చేస్తే ఎండలో చాలా భాగం తిరిగి ఆకాశంలోకి పోతుంది. ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే కనిపిస్తుంది. మొదట చేయవలసింది అదే. కానీ ముంబై వానలకు, మసికి తెల్లరంగు ఏడాదిలో మాసిపోతుంది, మళ్లీ మళ్లీ పూయాలి. పైన తెలుపు, కింద బెరడు ఉంటే ఒకటి ఎండను వెనక్కి పంపుతుంది, రెండవది మిగిలినదాన్ని ఆపుతుంది. వీటితోపాటు రాత్రి కిటికీ తెరవాలి, గాలి ఆడాలి. లేకపోతే పొయ్యి వేడి, మనుషుల వేడి లోపలే చిక్కుకుంటాయి.

నిప్పు, చెమ్మ, చెద

చెట్టు మీద బెరడు మంటను తట్టుకుంటుందని ఇంట్లో పలకకు నిప్పు అంటుకోదనుకోకూడదు. బెరడు మెల్లగా అంటుకుంటుంది, పైపొర బొగ్గై లోపలి పొరను కొంత కాపాడుతుంది, అయినా అది కాలే వస్తువే. చాళ్లలో గ్యాసు సిలిండర్లు, వేలాడే వైర్లు, ఇరుకు మెట్లు ఉన్నాయి. కాబట్టి పలక గదివైపు ముఖానికి సున్నపు పూతో, జిప్సం పలకో తప్పనిసరి. వైర్లు గొట్టాల్లో పోవాలి. అగ్ని పరీక్షలో నెగ్గని పలకను ఎవరి తల మీదా పెట్టకూడదు.

ముంబైలో ఏటా సగటున రెండు వేల మిల్లీమీటర్లకు మించి వాన పడుతుంది. రేకుకూ పలకకూ మధ్య రెండు వేళ్ల సందు వదిలితే గాలి ఆడి చెమ్మ ఆరుతుంది. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో ముక్కలను తడిపి ఆరబెడితే చెదకూ బూజుకూ అడ్డుకట్ట, మంటకూ కొంత అడ్డు.

బెరడుకు ఇనుముతో ఒక పేచీ ఉంది. తడి టానిన్ ఇనుమును తాకితే నల్లబడుతుంది. కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసింది, శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుప ద్రవంతో నల్లగీత గీసేది ఈ రసాయనం వల్లే. కప్పు కింద అదే జరిగితే గోడల మీద నల్లచారలు దిగుతాయి, మేకులు తినుకుపోతాయి. జింకు పూత మేకులు వాడి, రేకుకు తగలకుండా పలక బిగిస్తే ఆ బాధ ఉండదు.

ఎవరి బెరడు, ఎవరి చేయి

బెరడు కోసం ఒక్క పచ్చని చెట్టును కూడా ముట్టుకోకూడదు. మాను చుట్టూ బెరడు వలయంగా ఒలిస్తే ఆహారం వేళ్లకు దిగదు, చెట్టు చస్తుంది. అగరుబత్తీల జిగట్ కోసం తూర్పు కనుమల్లో నరమామిడిని విచ్చలవిడిగా ఒలిచి ఆ చెట్టునే అరుదు చేసుకున్నాం. ఆ తప్పు మళ్లీ జరగకూడదు.

ఆ అవసరమూ లేదు. ఖమ్మం, భద్రాద్రి, ప్రకాశం, గుంటూరు, గోదావరి జిల్లాల్లో రైతులు సుబాబుల్, జామాయిల్, సరుగుడు తోటలు పెంచుతున్నారు. ఆ కర్ర సారపాకలోని ఐటీసీ భద్రాచలం మిల్లుకో, రాజమహేంద్రవరంలోని ఆంధ్రా పేపర్‌కో, కాగజ్‌నగర్ కాగితపు మిల్లుకో వెళ్తుంది. దుంగ ఘనపరిమాణంలో ఇంచుమించు పదో వంతు బెరడే. కాగితానికి అది అక్కరలేదు. పొలంలో ఒలిచింది అక్కడే ఉండిపోతుంది, మిల్లుకు చేరింది బాయిలర్లోకి పోతుంది. ఒలిచే కూలీల్లో ఆడవాళ్లు ఎందరో. బెరడుకు ధర పలికితే మొదట కళ్లబడవలసింది వాళ్ల కూలి.

బెరడు పోగు బరువు తక్కువ, జాగా ఎక్కువ. దాన్ని లారీల్లో వందల మైళ్లు మోస్తే లాభమంతా డీజిలుకే పోతుంది. కాబట్టి ఆరబెట్టడం, నలగ్గొట్టడం, నొక్కడం తోటల దగ్గరే జరగాలి. ముంబైకి పలక రావాలి. మహారాష్ట్రలోని బల్లార్‌పూర్ కాగితపు మిల్లు ప్రాంతం ఇంకా దగ్గర, అక్కడా తెలుగు మాట వినిపిస్తుంది. ప్లైవుడ్ జిగురుల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న సంస్థ బెంగళూరులో ఉంది. దాదర్ పక్కనే మాటుంగాలో రసాయన సాంకేతిక సంస్థ, వీజేటీఐ ఉన్నాయి. ఒకరు జిగురు చూడవచ్చు, ఇంకొకరు దూలాల బలం చూడవచ్చు. కొత్త ప్రయోగశాల కట్టనక్కరలేదు.

ఇక కావలసింది ఒక చిన్న, నిజాయితీ గల పరీక్ష. కామాఠీపురలో ఒకే చాల్ పై అంతస్తులో పక్కపక్కనే ఉన్న నాలుగు ఖోలీలు తీసుకోవాలి. ఒకదాన్ని ఉన్నది ఉన్నట్టు వదలాలి, ఒకదానికి తెల్లరంగు వేయాలి, ఒకదానికి బెరడు పలక బిగించాలి, నాలుగోదానికి రెండూ చేయాలి. మార్చి నుంచి అక్టోబరు దాకా, ఎండలోనూ వానలోనూ, గంటగంటకూ వేడి, తేమ కొలవాలి. పలక చెమ్మెక్కిందా, బూజు పట్టిందా, మరక దిగిందా చూడాలి. ఆ ఖోలీల్లో ఉండే ఆడవాళ్లను, పిల్లలను, పాళీ పనివాళ్లను నిద్ర ఎలా పడుతోందో అడిగి రాసుకోవాలి. వాళ్ల మాటకూ థర్మామీటరు అంకెకూ సమానమైన విలువ ఇవ్వాలి. ఫలితం బాగుంటే బాగుందని, లేకపోతే లేదని తెలుగులో, మరాఠీలో, హిందీలో రాసి ఆ చాల్ గోడకే ముందు అంటించాలి. ఆ తర్వాతే అది పరిశోధనా పత్రికలకు వెళ్లాలి.